గ్లాసులో ఏరు

ఖమ్మంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు, మనసులో మాటలు ఎలా అమరి ఉంటాయో పరిశోధించేవాళ్లు ఇద్దరు మా కాలేజీకి వచ్చారు. ఒకరు నడివయసు మేడమ్, రెండో ఆయన ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థి. కంప్యూటర్ తెర మీద బొమ్మ పడగానే దాని పేరు మైకులో చెప్పాలి.

"ఆలోచించకండి. నోటికి ఏది వస్తే అది అనేయండి" అన్నది మేడమ్.

నా భయమంతా అదే. హాస్టల్లో చేరినప్పటి నుంచి నేను ఆలోచించకుండా ఒక్క మాటా మాట్లాడలేదు. మాది భద్రాచలం దాటాక అడవిలో ఉండే కోయగూడెం. ఇంట్లో కోయ మాట్లాడతాం. మెస్సులో గిన్నెలు కడిగే కోయామె మాటను అమ్మాయిలు వెక్కిరించడం మొదటి వారంలోనే విన్నాను. ఆ తర్వాత ఎవరు అడిగినా "మాది భద్రాచలం" అని ఊరుకునేదాన్ని.

కుర్చీ, ఆవు, గొడుగు బాగానే చెప్పాను. బొమ్మలు త్వరత్వరగా పడుతున్నాయి. గ్లాసు నిండా నీళ్లు కనిపించాయి.

"ఏరు" అన్నాను.

వెనక బెంచీల మీద తమ వంతు కోసం కూర్చున్నవాళ్లు గొల్లుమన్నారు. "గ్లాసుల ఏరేందే!" అన్నది కుసుమంచి నుంచి వచ్చిన మా గది అమ్మాయి. తెలుగులో ఏరంటే వాగు. మాకు ఏరంటే నీళ్లే.

మేడమ్ ముఖం వెలిగిపోయింది. "నువ్వు కోయ అమ్మాయివా? ఎంత బాగుంది! తొందరలో ఇంటి మాట ముందొచ్చింది చూడు!" అని గదంతా వినపడేలా అన్నది. ఆమె నన్ను మెచ్చుకుంటోందని తెలుస్తూనే ఉంది. నాకు మాత్రం ఒంటి మీద బట్ట జారినట్టయింది.

ఆ సాయంత్రం ఎవరైనా వెక్కిరిస్తే బాగుండేది. కుసుమంచి అమ్మాయి నా మంచం మీద కూర్చుని మెల్లగా అడిగింది. "గిన్ని రోజులు ఎందుకు చెప్పలే? మేమేమన్న నిన్ను తింటమా?" నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

దసరా సెలవుల్లో అమ్మకూ ఆ బొమ్మలు చూపించడానికి, తన విద్యార్థితో కలిసి మేడమ్ మా ఇంటికే వస్తానంది. వద్దనలేకపోయాను. అమ్మ మిరప చేలో కలుపు కూలి మానుకుని, ఉతికిన చీర కట్టుకుని, అరుగు మీద కంప్యూటర్ ముందు కూర్చుంది. కుక్క బొమ్మ పడింది. అమ్మ పెదవులు కదిలాయి, ఆగాయి.

"కుక్క" అన్నది తెలుగులో. ఆ తర్వాతదీ అలాగే, వెతుక్కుని వెతుక్కుని చెప్పింది.

"అమ్మా, మీ ఇంట్లో ఏమంటారో అదే చెప్పండి" అన్నది మేడమ్.

అమ్మ నావైపు చూసింది. "మా మాటంటే బిడ్డకు నామోషమ్మా. కాలేజీకాడ ఎవ్వలికి చెప్పదు. నేను ఫోన్ చేసినా తెలుగుల్నే మాట్లాడుత."

నేను ఎప్పుడూ ఆమెకు అలా చెప్పలేదు. ఫోనులో ఆమె కోయలో అడిగితే నేను తెలుగులో అవ్ అని, లేదని పొడిపొడిగా అనేదాన్ని. కొన్నాళ్లకు తనే తెలుగులోకి మారింది. పక్కన మనుషులు ఉంటారులే అనుకుని నేను సంతోషించాను కూడా.

మేడమ్ తల దించుకుంది. ఆ విద్యార్థి మైకు వైరు సర్దుతున్నట్టు నటించాడు. నేను వెళ్లి అమ్మ పక్కన కూర్చుని, "చెప్పవే" అని కోయలో అన్నాను. వాళ్ల ముందు నేను కావాలని కోయ మాట్లాడడం అదే మొదటిసారి.

ఆపై అమ్మ ఆగలేదు. బొమ్మ పూర్తిగా కనిపించకముందే చెప్పేసింది. చుట్టూ చేరిన ఆడవాళ్లు ఆమె కంటే ముందే అరుస్తుంటే, "మీరు చెప్పకూడదమ్మా!" అని మేడమ్ బతిమాలుకుంది.

సెలవులయ్యాక అమ్మ హాస్టల్‌కు ఫోన్ చేసింది. తిన్నావా అని కోయలోనే అడిగింది. వరండాలో నా వెనక నలుగురు అమ్మాయిలు నిలబడి ఉన్నారు. నేనూ కోయలోనే చెప్పాను, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.