సూర్యకళ పెట్టని సంతకం

రామచంద్రపురం దాటి కాలువ గట్టు వెంట నాలుగు కిలోమీటర్లు వెళ్తే సూర్యకళ కోళ్ళ షెడ్డు వస్తుంది. అందులోకి ఎవరు వెళ్ళాలన్నా కోడిపిల్లలకు అలవాటైన నీలం చొక్కా తొడుక్కోవాలి. తలుపు మీద వేళ్ళతో మెల్లిగా తట్టి, కాసేపు ఆగి, అప్పుడు తెరవాలి. కలెక్టరుగారొచ్చినా అంతే. మొగుడు చంద్రరావు పాతికేళ్ళుగా నీలం చొక్కాలోనే బతుకుతున్నాడు, పాపం.

చాదస్తం అనుకునేరు. పెళ్ళైన కొత్తలో దీపావళికి ఎవరో షెడ్డు పక్కన బాంబు పేల్చారు. కోడిపిల్లలు బెదిరితే ఒక మూలకి పోయి ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. అడుగున పడ్డవి ఊపిరాడక చస్తాయి. ఆ పండక్కి ఎనిమిది వందలు పోయాయి. గొయ్యి తీసి పూడుస్తూ సూర్యకళ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తర్వాత ఏడవడం మానేసి నోరు పెంచింది.

అలాంటి మనిషి దగ్గరికి నిరుడు ఒక విమానాల కంపెనీ కాగితం వచ్చింది. శబ్దం కన్నా వేగంగా పోయే విమానాన్ని ఈ ఊళ్ళ మీదుగా సముద్రం దాకా నడిపి చూస్తారట. పాత రకానివి పిడుగు పడ్డట్టు మోగేవట. దీని ముక్కు సన్నగా, పొడుగ్గా చేసి ఆ మోత తగ్గించారట. పశువులు, కోళ్ళు ఉన్నవాళ్ళంతా ‘మాకు ఇబ్బంది లేదు’ అని సంతకం పెట్టాలి. ఊళ్ళో అందరూ పెట్టేశారు. కంపెనీ వేయిస్తానన్న సిమెంటు రోడ్డంటే ఎవరికి చేదు? సూర్యకళ ఒక్కతే పెట్టలేదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మొహం మీదే అన్నారు.

“రోడ్డు మీకొస్తుంది. పిల్లలు నాకు పోతాయి” అని తలుపేసుకుంది.

చివరికి కంపెనీ ఇంజినీరు ఉదయభాస్కర్ స్వయంగా కారులో వచ్చాడు. మంచివాడే, ఓపిగ్గా చెప్పాడు.

“కింద ఉన్నవాళ్ళకి కారు తలుపు వేసినంత చప్పుడేనండి. అంతకు మించి వినపడదు.”

“మీరెప్పుడన్నా కోడిపిల్లల్ని పెంచారాండి?”

“లేదండి.”

“మరి వాటి తరఫున మీరెలా చెప్తున్నారండి? అంత సముద్రం ఉంది కదా, దాని మీదే తిప్పుకోండి. సరే, లోపలికి రండి, చూద్దురుగాని.”

నీలం చొక్కా తొడిగించి, తలుపు తట్టించి మరీ తీసుకెళ్ళింది. పదిహేను రోజుల పిల్లలు, నాలుగు వేలు, చంద్రరావు చల్లుతున్న గింజలు ఊక మీద ఏరుకుంటున్నాయి. అతను కళ్ళప్పగించి చూస్తున్నాడు. బయట డ్రైవరు పెద్దిరాజు నీడ కోసం కారుని షెడ్డు గోడ పక్కకి తెచ్చి, దిగి, తలుపు ధడాలున వేశాడు.

అంతే, నేలంతా లేచి మూలకి పోయింది. మొగుడూ పెళ్ళాలు మోకాళ్ళ మీద పడి రెండు చేతులా పిల్లల్ని తోడి ఇవతలకి వేశారు.

“చూస్తారేంటండి, తోడండి” అందామె. ఇంజినీరు కూడా తోడాడు. అయినా గుట్ట అడుగున ఇరవై మూడు లేవలేదు.

వాటిని ఏరి బయటికి తెచ్చేసరికి పెద్దిరాజు ఎదురొచ్చి చేతులు జోడించాడు.

“నీ తప్పేం లేదు తమ్ముడూ. కారు తలుపు ఎవరైనా అలాగే వేస్తారు” అంది సూర్యకళ. ఇంజినీరు వైపు తిరిగింది.

ఉదయభాస్కర్ పర్సు తీశాడు.

“లోపల పెట్టండి. రేపు ఆకాశంలోంచి ఎవరు పర్సు తీస్తారండి? ఆ కాగితం తియ్యండి, రాయండి.”

“మా వాళ్ళు ఒప్పుకోరండి.”

“ఒప్పుకోమనట్లేదండి. చూసింది రాయమంటున్నాను.”

చచ్చిన పిల్లల్ని అతని బూట్ల ముందు వరసగా పెట్టి, పైకి లెక్కపెట్టింది. ‘ఇబ్బంది లేదు’ అన్న అచ్చు మాటని కొట్టేసి, పక్కన జరిగింది జరిగినట్టు రాశాడతను. విమానం దారి సముద్రం మీదికి మార్చాలనీ రాశాడు. రాసి, అలవాటు కొద్దీ కలం ఆమెకి అందించాడు.

సూర్యకళ చేతులు వెనక్కి పెట్టుకుంది.

“ఇబ్బంది లేదన్నది మీరు, ఉందని చూసిందీ మీరే. సంతకం మీరే పెట్టండి.”

పెట్టాడు.