చేదుకు లొంగని వేళ్లు

ఆ రోజు లింగసుగూరు పోయే బస్సులో నా మనవరాలిని కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఎనిమిదేళ్ల పిల్ల, గోళ్లు నెత్తురు వచ్చేదాకా కొరుకుతుంది. పైసా ఖర్చు లేని మందు ఉండగా డాక్టరు ఎందుకని, పొద్దున్నే వేపాకు నూరి దాని పది వేళ్లకూ పూశాను. కల్మల ఊరు దాటేసరికి మళ్లీ వేలు నోట్లో పెట్టింది.

"తియ్యవే! చేదు గూడ తెల్వదా నీకు?" అని బస్సంతా వినేలా అరిచాను.

నా పక్కన నలభై ఏళ్ల ఆడమనిషి కూర్చుంది. ఎవరో తెలియదు. తన రెండు చేతులూ నా ముందుకు చాపింది. గోళ్లు సగానికి సగం లేవు.

"మా అమ్మ గూడ ఏపాకే పూసింది అవ్వా. చేదు అలవాటైంది గానీ కొరుకుడు పోలే."

"గింత పెద్దదానివి, సిగ్గు గాదా?"

"అయితది. సిగ్గయితే ఇంకింత కొరుకుత. ఎవరన్న అరిస్తే నాకు తెల్వకుండనే చేయి నోట్లకు పోతది."

"మరి దీనికి మందేంది?"

"తెలిస్తే నా చేతులు గిట్లుంటయా?" అని నవ్వి, తరువాతి స్టాపులో దిగిపోయింది.

నేను పిల్ల వైపు తిరిగాను. ఇంకా అరవనే లేదు, నా ముఖం చూడగానే దాని చేయి నోటి దగ్గరికి లేచింది.

ఆ రోజు నుంచి వేపాకు నూరడం మానేశాను. అరవకుండా నోరు మూసుకుని కూర్చుంటున్నాను. నేను ఊరికే ఉంటే ఇంకా భయమేమో, నా వైపే చూస్తూ కొరుకుతోంది.