నేను కళ్లు మూసుకుని చూసిన మేక

మనిషి నోటితో ఎంత నష్టం చెయ్యవచ్చో తెలియాలంటే నా కథ వినండి. ఒక్క మాటతో నేను జమ్మలమడుగులో ఒక వీధి వీధంతటినీ పెన్న ఇసుకలోకి దింపాను. వాళ్లు నన్ను అక్కడే పాతిపెట్టి ఉండాల్సింది. పెట్టలేదు. దానికి కారణం వాళ్ల మంచితనం ఒక్కటే అయితే ఇది రాసేవాణ్ణి కాదు.

కొన్నేళ్ల కిందట ప్రొద్దుటూరు లోకల్ కేబుల్ చానల్లో సాయంత్రం ఐదింటికి వచ్చే పిల్లల కార్యక్రమం నాది. పేరు టోపీ మామ. మెరుపుల కోటు, వెండి కాగితం అంటించిన మూరెడు టోపీ. పుట్టినరోజు పిల్లలకు శుభాకాంక్షలు చెప్పడం నా పని. బహుమతి ఇంట్లో ఎక్కడ దాచారో తల్లిదండ్రులు ముందే చీటీ రాసి పంపేవారు. నేను కళ్లు మూసుకుని, నుదుటికి రెండు వేళ్లు ఆనించి, "కనపడతాంది... ఎండుమిరప గోతం ఎనకాల ఏందో కనపడతాంది" అనేవాణ్ణి. పులివెందులలో ఒక పిల్లవాడు ఆ గోతం వెనక నుంచి బొమ్మ లారీ తీసుకుని, తుమ్ముతూ టీవీకి దండం పెట్టాడట.

జమ్మలమడుగులో ఒక అవ్వ అయితే నేను తెర మీదికి రాగానే కొంగు తలమీదికి లాక్కునేదట, ఆయప్ప చూస్తాండాడని. ఇది విని సిగ్గుపడాలి కదా? నేను మా ఆవిడకు రెండుసార్లు చెప్పుకున్నాను.

అలా ఉండగా ఒకరోజు ప్రసారం మధ్యలో ఫోన్ వచ్చింది. జమ్మలమడుగు నుంచి షాహీన, మూడో తరగతి, పరుపులు కుట్టే మస్తాన్ కూతురు. పుట్టినరోజా అని అడిగాను.

"కాదు మామా. మా మేక రాణి పొద్దున్నుంచి కనపడల్యా. యాడుందో చూసి చెప్పు."

చీటీ లేదు. నాకు తెలియదమ్మా అంటే అయిపోయేది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నవాడు నాకంటే నయం. వాడు దూడ రంగైనా చెప్పలేదు. నేను కళ్లు మూసుకుని, పెన్న కాడ తుమ్మచెట్ల కింద పండుకోనుంది, నల్ల మేక, అని రంగుతో సహా చెప్పాను.

కార్యక్రమం అయింది. టోపీ తీయకముందే మళ్లీ ఫోన్.

"మేక సంగతి దేవుడెరుగు. మా పాప యాడప్పా?" మస్తాన్ గొంతు. నాతో మాట్లాడి ఫోన్ పెట్టేయగానే షాహీన ఏటివైపు ఒంటరిగా పరుగెత్తిందట.

ఆ వారం మైలవరం డ్యాం నుంచి నీళ్లు వదులుతున్నారు. ఏటి దగ్గరికి ఎవరూ పోవద్దని మా చానల్లోనే పొద్దున్నుంచి తెర అడుగున అక్షరాలు పరుగెడుతున్నాయి. నేను కళ్లు మూసుకుని పెన్నను చూస్తున్నప్పుడు కూడా నా గడ్డం కింద పరుగెత్తినవి అవే.

మెరుపుల కోటుతోనే మోటారు సైకిలెక్కాను. పౌడరు చెమటకు కారి, వానకు తడిసిన సున్నపు గోడలా ఉంది నా ముఖం. దారిలో తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. తెలియని దేవుళ్లకు కూడా మొక్కాను, పేర్లు లేకుండానే.

ఒడ్డున వీధి వీధంతా ఉంది. పది గజాల అవతల ఎర్రనీళ్లు పోతున్నాయి. తుమ్మచెట్టు కింద షాహీన కూర్చుని ఉంది. ఎంత లాగినా కదలడం లేదట, రాణి ఈడనే ఉంటాదని మామ చెప్పినాడంటూ. పక్కనే మస్తాన్, చేతిలో దూది కొట్టే కర్రతో. ఆ కర్ర ఎవరికోసమో నాకు వేరే చెప్పనక్కర్లేదు.

మోకాళ్ల మీద కూలబడి టోపీ తీశాను.

"నాకేం కనపడదు తల్లీ. ఏ పొద్దూ కనపడల్యా. చీటీలు చూసి చదువుతా. మీ మేకను నేను చూడలేదు. అబద్ధం చెప్పినా, తప్పైంది."

ఆ పాప తలెత్తి నన్ను చూసింది. ముఖంలోకి కోపం వస్తుందనుకున్నాను. జాలి వచ్చింది. నా చెయ్యి తట్టింది.

"నువ్వు చూసినప్పుడు ఈడనే ఉండింటాది మామా. నేనే ఆలస్యంగా వచ్చినా. నువ్వు బాధపడగాకు."

పెన్న నిండుగా పారడం చూశాను. కానీ అంత వెడల్పు నమ్మకాన్ని ఎప్పుడూ చూడలేదు. నా అబద్ధం ఆ చివరనుంచి ఈ చివరకు కొట్టుకుపోయినా దానికి మరక అంటలేదు. దాని ఒడ్డున నిలబడడానికి కూడా తగనివాణ్ణి, రోజూ అరగంట దాంట్లో చెప్పులతో నడిచాను.

మస్తాన్ నా దగ్గరికి వచ్చాడు. నేను వీపు వంచాను. దెబ్బ పడలేదు. కర్ర ఇసుకలో పడేసి, అటూ ఇటూ చూసి, వంగి నా చెవిలో అన్నాడు:

"అది సరేగానీ అప్పా, ఇప్పుడు యాడుందో ఒక్కసారి చూడు."

మర్నాడు రాణి తనంతట తానే ఇంటికి వచ్చింది. దాన్ని రప్పించిన ఘనత కూడా నాకే దక్కింది. వచ్చింది తెల్లమేకట. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

కాబట్టి పెన్న సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఇకమీదట ఎవరి మేక తప్పిపోయినా, అది నా ఎదుటే నిలబడి నా చొక్కా నములుతున్నా సరే, కనపడుతోందని మాత్రం చెప్పను.