ఎడమచేతి సినిమాలు

గోనెసంచి మూతి విప్పగానే రెండు వాసనలు ఒక్కసారే వచ్చాయి. ఒకటి లోపలున్న డీవీడీ డబ్బాలది, అటక మీద ఎండకు మెత్తబడి వానకు చెమ్మపట్టిన ప్లాస్టిక్కూ కలరా ఉండలూ కలిసిన వాసన. రెండోది సంచిది. అది నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మా నాయన నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసేవాడు. ఆయన చొక్కాకీ, తువ్వాలుకీ, చెవుల వెనక చర్మానికీ, ఆఖరికి ఆయన తాగి పెట్టిన గ్లాసుకీ అదే వాసన, నారా నూనే కలిసినది. సంచి విప్పిన రోజున నేను ఏడుస్తానేమోనని మా ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. నేను ఏడవలేదు. డబ్బాలు ఒక్కొక్కటే తీసి పాత చీరముక్కతో తుడుస్తూ కూర్చున్నాను. ఇక్కడ శ్రీకాకుళంలో కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మేడం ఒకామె వాటిని అడిగింది, సాయంత్రం వస్తానంది. ఇవ్వాలో వద్దో అప్పటికి నేను తేల్చుకోలేదు.

అవన్నీ పరాయి దేశాల సినిమాలు. ఏ దేశానివో అడిగితే చెప్పలేను. నాకు తెలుగు అక్షరాలే నా కూతురికి పెళ్ళయ్యాక వచ్చాయి, ఆ డబ్బాల మీదవి ఏ భాష అక్షరాలో నాకేం తెలుసు. కానీ ఏ డబ్బాలో ఏముందో తెలుసు, ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చుని ఏం తింటారో తెలుసు. అవి నా కోసం కూడబెట్టినవి కావు, మా అప్ప కోసం కూడబెట్టినవి.

మా వైపు అక్కని అప్ప అంటాం. దాని పేరు పైడమ్మ. పుట్టుకతోనే చెవులు వినపడవు, అందువల్ల మాటా రాలేదు. మిల్లు కూత దానికి వినపడేది కాదు గానీ, వీధిలో కుక్కలు మొహాలు పైకెత్తగానే లేచి, నాయన వచ్చేసరికి చోడి అంబలి గ్లాసులో పోసి ఉంచేది. మా ఇద్దరికీ చేతి మాటలు ఉండేవి. ఎవరూ నేర్పలేదు, అవే వచ్చాయి. చెవి వెనక రుద్దితే నాయన. పిడికిలితో దంచితే నాగుల చవితి, ఎందుకంటే ఆ రోజు అమ్మ నువ్వులూ బెల్లమూ రోట్లో వేసి చిమ్మిలి దంచేది, రోకలికి అంటుకున్నది గీకి తినే హక్కు అప్పది. ముక్కు మూసుకుంటే వానాకాలం, నార తీయడానికి గోగు కట్టలు చెరువుల్లో నానేసి ఊరంతా కంపు కొట్టే కాలం. ఎండాకాలంలో చంపావతి ఏటి ఇసకలో చెలమలు తవ్వి, ఊరిన నీళ్ళు దోసిట్లో తాగి, ముంజెల నీళ్ళు మోచేతుల దాకా కారుతుంటే నాకుతూ, పొద్దల్లా చేతులతోనే కబుర్లు చెప్పుకునేవాళ్ళం. మా మాటలు అమ్మకి సగమే తెలిసేవి, నాయనకి అదీ తెలిసేది కాదు.

పంటలు ఇళ్ళకి చేరాక ఊరి బయట డేరా సినిమా దిగేది. తెరకి ముందు టిక్కెట్టు కొన్నవాళ్ళు కూర్చునేవారు. తెరకి వెనకవైపు కొంత నేల వదిలేసి, అక్కడ పిల్లల్నీ, టిక్కెట్టుకి గతిలేని ఆడవాళ్ళనీ కూర్చోనిచ్చేవారు. దీపాలు పెట్టే వేళకి మేమిద్దరం వేయించిన జంతికలు ఒళ్ళో పోసుకుని బయల్దేరేవాళ్ళం. అమ్మ గుమ్మంలోంచి కేకేసేది.

"ఒసే సూరమ్మా, దాని సెయ్యి ఒగ్గీకే! ఎనక్కి తిరిగి సూసుకుంట ఎల్లు!"

తెర వెనక నుంచి చూస్తే అంతా అటుదిటు, ఇటుదటు. పైట కుడి భుజం మీద ఉండేది. బండివాడు ఎడం చేత్తో చర్నాకోల ఝళిపించేవాడు. రాజుగారు ఎడం చేత్తో కత్తి దూసేవాడు, పెళ్ళికొడుకు పీటల మీద కూర్చుని ఎడం చేత్తో అన్నం కలుపుకునేవాడు. అక్షరాలు తిరగబడి వచ్చేవట, మాకు ఎలా వచ్చినా ఒకటే. మాటలొచ్చే గొట్టం అవతలి జనం వైపు తిరిగి ఉండేది కాబట్టి, మా వైపు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు చప్పుడే గానీ మాట తెలిసేది కాదు. అలా నాకూ తెలియదు, అప్పకీ తెలియదు. ఇంటికొచ్చి తాటాకు చాప మీద పడుకుని ఆ కథ ఇద్దరం చేతులతో కట్టుకునేవాళ్ళం. అప్ప కట్టిన కథే బాగుండేది.

సినిమాకి మా చేతి మాట అలాగే పుట్టింది. ఎడం చెయ్యి ముద్దలా చేసి నోటి దాకా తీసుకెళ్ళడం, అదే సినిమా. సినిమా మనుషులు వేరే జాతి, వాళ్ళు ఎడం చేత్తో తింటారు, అంతే. ఒకసారి అప్ప అన్నం ముందు కూర్చుని నిజంగానే ఎడం చేత్తో ముద్ద ఎత్తింది. అమ్మ గరిటె విసిరింది.

"ఏటే ఆ సెయ్యి? కూడు ఆ సేత్తో తింతారేటే? కుడిసెయ్యి ఏటైపోనాది?"

"అది కూడు తినట్లేదమ్మా, సినిమా ఆడతంది" అన్నాను.

"ఇద్దరూ ఇద్దరే. ముందు తిని సావండి" అంది అమ్మ.

తరవాత ఒక వేసవిలో మా మావ మమ్మల్ని విజయనగరం తీసుకెళ్ళి గోడలున్న హాల్లో మధ్యాహ్నం ఆటకి కూర్చోబెట్టాడు, అదీ తెరకి ముందువైపు. సినిమాలో వాళ్ళు అన్నానికి కూర్చోగానే అప్ప నా భుజం గట్టిగా పట్టుకుంది. తెర మీద మనిషి కుడి చేత్తో తింటున్నాడు. తప్పు, తప్పు అని చేతులు ఊపింది. ఇంతలో హాస్యగాడు ఏదో అన్నాడు, హాలంతా నవ్వింది, నాకు మొదటిసారి మాటలు తేటగా వినపడి నేనూ నవ్వాను. ఏమన్నాడు అని అడిగింది. చేతులతో చెప్పేలోపల ఇంకోటి అన్నాడు. అదీ చెప్పబోతే మరోటి. కాసేపటికి అప్ప అడగడం మానేసి కాళ్ళ కింద పడున్న శనక్కాయ తొక్కల కేసి చూస్తూ కూర్చుంది. ఆ తరవాత ఎంత పిలిచినా సినిమాకి రాలేదు. నువ్వెళ్ళు, అది నీది, అన్నట్టు నా గుండె మీద వేలితో పొడిచేది. మా ఇద్దరిదీ అయిన ఒక వస్తువు అలా నాదొక్కదానిదే అయిపోయింది. నాకు అక్కర్లేకుండానూ పోయింది.

నా పెళ్ళయి శ్రీకాకుళం వచ్చాను. అమ్మా నాయనా పోయాక అప్పని తెచ్చుకున్నాను. మా ఆయనది బస్సు స్టాండు వెనక క్యాసెట్ల కొట్టు, తరవాత డిస్కుల కొట్టు. ఒకసారి విశాఖపట్నం నుంచి వచ్చిన కట్టలో ఎవరూ అడగని డిస్కులు కొన్ని కలిసిపోయి వచ్చాయి.

"ఇయ్యేటే? పాటల్లేవు, ఫైట్లు లేవు, మనుసులు కిటికీలోంచి బయటికి సూత్తా కూకుంతారు. ఎవుడు అట్టుకెల్తాడు?" అని మా ఆయన ఇంట్లో పడేశాడు.

పని చేసుకుంటూ ఒకటి పెట్టాను. కిటికీ బయట మంచు, లోపల ఒక ముసలాయన, ఒక ముసలామె, బల్ల మీద ఉడికించిన దుంపలు. చాలాసేపు ఏమీ జరగలేదు. ఆయన కుడి చేత్తో చాకు పట్టి కోసి, ఎడం చేతిలో ముళ్ళ చెంచాతో ముక్క గుచ్చి నోట్లో పెట్టుకున్నాడు. ఆమె కూడా. అప్ప నా పక్కన ఎండురొయ్యలు బాగుచేస్తోంది. చేట ఒళ్ళోంచి జారిపోయింది. నా తొడ మీద చెళ్ళున కొట్టి, ఎడం చెయ్యి ముద్ద చేసి నోటి దాకా తీసుకెళ్ళింది. సినిమా! ఇదీ సినిమా!

అప్పటి నుంచి ఏరడం మొదలుపెట్టాను. విశాఖలో డిస్కులు అమ్మేవాడి దగ్గరకెళ్ళి, "పాటలొద్దు బాబూ, బల్ల కాడ కూకుని తిన్నవి తీ" అనేదాన్ని. వాడు నవ్వి, దుమ్ముపట్టిన అర చూపించేవాడు. రెండు పుల్లలతో తినేవాళ్ళవి అప్ప ఒప్పుకోలేదు, వాళ్ళది కుడి చెయ్యి. అవి తిరిగిచ్చేశాను. మిగతా వాటిలో ఎవరేం మాట్లాడారో దానికీ తెలియదు, నాకూ తెలియదు. తెర అడుగున ఏవో అక్షరాలు పరిగెత్తేవి. అవి తెలుగు కాకపోయినా, లేటుగా చదువొచ్చినదాన్ని, రాత కనబడితే నా కళ్ళు అటే పోయేవి. అప్ప అది కనిపెట్టి, టీవీ అడుగు భాగానికి అడ్డంగా గోనెపట్టా ఒకటి కట్టేసింది. మధ్యాహ్నాలు తలుపు దగ్గరగా వేసుకుని అలా చూసేవాళ్ళం, ఆట అయ్యాక కథ కట్టుకునేవాళ్ళం. మా చేతి మాటలకి ముసలితనం వచ్చింది, వేళ్ళు వంగేవి కావు, అయినా అప్ప కట్టిన కథే బాగుండేది.

నిరుటి వానల్లో జ్వరమొచ్చి అప్ప చనిపోయింది. నాకేమీ అనిపించలేదు. ఇప్పటికీ పెద్దగా అనిపించదు. డిస్కులు సంచిలో కట్టి అటక మీద పెట్టించాను. అంతకుముందు ఒక్కదాన్నే ఒకటి పెట్టి చూశాను. కథ సగంలోనే ఆగిపోయింది, అవతలి సగం కట్టేవాళ్ళు లేరు.

సాయంత్రం మేడం వచ్చి డబ్బాలు తిప్పి తిప్పి చూసింది.

"ఇంత మంచివి ఎలా ఏరారమ్మా? చూస్తే ఎవరో బాగా తెలిసినవాళ్ళు ఏరినట్టుంది. కానీ జపాన్‌వి ఒక్కటీ లేవేంటి?"

"ఆల్లు కుడిసేత్తో తింతారమ్మా" అన్నాను.

ఆమె నవ్వింది, నేను వేళాకోళమాడాననుకుంది. చెప్పి లాభం లేదనిపించింది. అన్నీ ఇచ్చేశాను. గోనెపట్టా కూడా టీవీ మీంచి విప్పి డబ్బాలకి కట్టిచ్చాను.

మొన్న కాలేజీలో ఆ సినిమాలు వేస్తున్నామని మేడం పిలిస్తే వెళ్ళాను. కిటికీలకి నల్లగుడ్డలు కట్టి గోడ మీద వేశారు. పిల్లలంతా అడుగున పరిగెత్తే అక్షరాలు చదువుకుంటూ కూర్చున్నారు. డేరా లేదు, మిల్లు కూతకి మొహమెత్తే ఆ కుక్కలు లేవు, బస్సు స్టాండు వెనక మా కొట్టు ఉన్నచోట ఫోన్లు బాగుచేస్తున్నారు. గోడ మీద ముసలాయన చాకు పట్టుకున్నాడు. దుంప కోసి ఎడం చేత్తో నోట్లో పెట్టుకున్నాడు. నా ఎడం చెయ్యి దానంతటది లేచి నోటి దాకా వెళ్ళింది.

పక్క కుర్చీలో పిల్ల చూసి, "ఆకలేస్తందా మామ్మా?" అని మెల్లిగా అడిగి, సంచిలోంచి బిస్కట్టు తీసిచ్చింది.

తీసుకున్నాను. కుడి చేత్తోనే తిన్నాను.