కొంగు చాటు మాట

వినికిడి తగ్గుతోందని తెలిశాక నేను చేసిన మొదటి పని, ఆ సంగతి ఎవరికీ తెలియకుండా దాచుకోవడం. మా ఆయనకు కూడా చెప్పలేదు. వనపర్తి బజారులో నాది జాకెట్లు కుట్టే చిన్న దుకాణం. చెవిటిదని తెలిస్తే గిరాకీ పోతుందని భయం ఉండేది. కానీ భయం కంటే సిగ్గే ఎక్కువ. నేను పుట్టి పెరిగిన అయిజలో, మా వీధిలో ఒక ముసలాయనకు చెముడు. అడిగేదొకటి, ఆయన చెప్పేదొకటి. పిల్లలం, పెద్దలం అందరం నవ్వేవాళ్లం. ఆ నవ్వు ఇప్పుడు నా మీదికి వస్తుందనుకుంటేనే తల ఎత్తబుద్ధి అయ్యేది కాదు.

అందుకని మనుషుల పెదవులు చూడడం అలవాటు చేసుకున్నాను. సగం మాట పెదవుల మీద చూసి, మిగతా సగం ఊహించేదాన్ని. అర్థం కాకపోతే నవ్వి తలూపేదాన్ని. చాలాసార్లు గడిచిపోయేది.

మా వెనక వీధిలో ఉండే ఒకావిడ కూతురి శ్రీమంతానికి పచ్చ జాకెట్ కుట్టమని గుడ్డ ఇచ్చి వెళ్లింది. తొలిచూలు. ఆవిడ ముఖం వెలిగిపోతుండింది. నేను కూడా మనసుపెట్టి, చేతులకు పూసలు కుట్టి తయారు చేశాను.

ఒక మధ్యాహ్నం ఆవిడ మళ్లీ వచ్చింది. మిషన్ నడుస్తోంది. తలెత్తి చూస్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏదో చెబుతోంది. పెదవులు కనబడలేదు. "శ్రీమంతం" అన్న మాట, చివర "తీస్కపోత" అన్న మాట మాత్రం చెవిన పడ్డాయి. జాకెట్ కోసం తొందరపడుతోందనుకున్నాను.

"అయిపోయిందక్కా! సూడు ఎట్లున్నదో. బిడ్డ లక్ష్మీదేవి తీరుగ ఉంటది. మిఠాయి ఏది మరి?" అంటూ జాకెట్ విప్పి ఆవిడ ముందు పట్టాను. నవ్వుతూనే ఉన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. జాకెట్ ముట్టుకోలేదు. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

పక్కన గాజుల దుకాణం ఆమె, మేమంతా చాచి అని పిలుస్తాం, పరుగున వచ్చి నా భుజం పట్టుకుని ఊపింది. "ఏం మాట్లాడినవే నువ్వు? ఆ పిల్లకు కడుపు నిల్వలేదంట. శ్రీమంతం లేదు, గుడ్డ తీస్కపోత అని ఏడ్సుకుంట చెప్తుంటే మిఠాయి అడుగుతవా?"

బజారంతా నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

మరునాడు పొద్దున వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ గడప దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి ముఖం తిప్పుకుంది.

"నాకు చెవులు ఇనపడయక్కా," అన్నాను. ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి. "శానా దినాలాయె. నువ్వు చెప్పింది నాకు తెల్వలేదు."

ఆవిడ నావైపు తిరిగింది. "పిలిస్తే పలకవు. ఎదురొచ్చినా పల్కరియ్యవు. నీకు పొగరనుకుంటిమి అందరం. ఇనపడదని ముందుగాల చెప్తే ఏం పోతుండె?"

చెవిటిదంటారని ఇంతకాలం దాచితే, పొగరుబోతుననిపించుకున్నాను.

ఆవిడ అలవాటుగా నోటికి కొంగు అడ్డం పెట్టుకోబోయి, తీసేసింది. నాకు వినబడాలని గొంతు పెంచి, ఒక్కో మాట విడగొట్టి చెప్పింది. "నా బిడ్డకు. కడుపుల పిల్ల. సచ్చిపోయింది."

నాకు తెలుసక్కా, చాచి చెప్పింది, అని అనవలసింది. ఎదురింటి వాళ్లు బయటికి వచ్చి చూశారు. లోపలి నుంచి ఆవిడ కూతురు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "చాలియ్యమ్మా," అంది. గొంతు వినబడలేదు. పెదవులు కదలడం చూశాను.

ఆ రోజే మా ఆయనకు చెప్పాను. దవాఖానకు తీసుకుపోయాడు. చెవి మిషన్ పెట్టించుకున్నాను. చాచికి, పాత గిరాకీలకు నేనే చెప్పాను. ఎవరూ నవ్వలేదు. వెనక వీధి ఆవిడ మాత్రం మళ్లీ నా దుకాణం మెట్టెక్కలేదు. గుడ్డలు పట్టుకుని మా ముందు నుంచే వేరే దుకాణానికి వెళుతుంది. ఎందుకని అడిగే మొహం నాకు లేదు.

కొన్ని నెలల తర్వాత ఆవిడ కూతురు ఒక్కతే వచ్చింది, చీరకు ఫాల్ కుట్టమని. వచ్చి నా ఎదురుగా నిలబడి, నేను తలెత్తేదాకా ఆగింది. అప్పుడు పెదవులు బాగా కదిలిస్తూ, నెమ్మదిగా, "ఎప్పుడు రమ్మంటవు పిన్నీ?" అని అడిగింది.

ఇప్పుడు మామూలుగా మాట్లాడినా వినిపిస్తుందని చెప్పవచ్చు. అంత కష్టపడి మాట్లాడుతున్న ఆ ముఖం చూస్తూ చెప్పలేకపోయాను.

"సోమారం రా బిడ్డా," అన్నాను. నా చేయి దానంతట అదే చెవి మిషన్ మీదికి వెంట్రుకలు లాక్కుంది.