సత్తవ్వ పట్టించిన చిరుత

ఆర్మూర్ పసుపు మార్కెట్‌లో పొడవాటి కొమ్ములనూ గుండ్రటి గోళలనూ వేరుచేసే ఆడకూలీల్లో సత్తవ్వ చెయ్యి చురుకు, నోరు అంతకన్నా చురుకు. ఆమె భర్త నడిపయ్య పెర్కిట్ ఊరి అవతల, రాళ్లగుట్ట కింద ఒక రైతు కల్లానికి కావలి ఉండేవాడు. ఉడకబెట్టిన పసుపు ఆరేదాకా అతని మకాం అక్కడే.

2004లో మాఘ పున్నమి వెళ్లిన రెండో రోజు, ఏడు గంటలవేళ సత్తవ్వ అన్నం గిన్నెతో కల్లానికి వెళ్లింది. మంచం మీద దుప్పటి ఉంది, మనిషి లేడు. చంద్రుడింకా రాలేదు. టార్చి వేస్తే, ఆరబోసిన పసుపు మధ్య ఏదో ఈడ్చుకుపోయినట్టు చాలు కనిపించింది. గుట్ట మొదట్లో రెండు బండల నడుమ నడిపయ్య శవం దొరికింది. చిరుత మెడ కొరికింది.

అందరూ ఏడ్చారు. సత్తవ్వ ఏడవలేదు.

"గది సచ్చేదాక నాకు బువ్వ సయించది" అంది.

ఫారెస్టు బీట్ ఆఫీసర్ దయానంద్ గుట్ట కింద బోను పెట్టించి మేకపిల్లను కట్టించాడు. పది రోజులు చూశాడు. చిరుత రాలేదు, బోను ఎత్తించాడు.

సత్తవ్వ మాత్రం ఊరుకోలేదు. మార్కెట్‌కు వచ్చిన ప్రతి మనిషినీ పట్టుకొని, చిరుత ఎవరి మేకను, ఎవరి దూడను ఏ రోజు ఎత్తుకుపోయిందో అడిగింది. పక్కనే కూర్చొని పనిచేసే గౌసియా చెప్పింది: "మా బక్రి పోయింది చాంద్ పదహారు నాడు అక్కా, మగ్రిబ్ నమాజ్ అయినంక." పున్నమి దాటి రెండు రోజులు, పొద్దుగూకిన వేళ. మిగిలినవాళ్ల మాటలూ అక్కడికే వచ్చాయి. సత్తవ్వ గోడ క్యాలెండర్ మీద ఒక్కో తేదీకి బొగ్గుతో గీత పెట్టింది. తర్వాత ఆ క్యాలెండర్ చుట్టి దయానంద్ దగ్గరికి పోయింది.

"సార్, పున్నమినాడు గది రాదు. ఎన్నెల్ల మేకలు, పందులు దాన్ని దూరంకెల్లే సూసి ఉరుకుతయ్. రెండు మూడు దినాలు దానికి ఉపాసమే. పున్నమి ఎల్లినంక, పొద్దుగూకి సందమామ రాకముందు జర సేపు సీకటుంటది సూడు, గప్పుడు దిగుతది. మనుషులేమో ఎన్నెలకు అలవాటుపడి ఇంకా బయటనే తిరుగుతుంటరు."

"గిదంత ఎవలు జెప్పిండ్రు నీకు?"

"ఎవలు జెప్పలే. అడిగి తెల్సుకున్న."

హోళీ పున్నమి వెళ్లాక మూడు సాయంత్రాలు బోను పెట్టడానికి దయానంద్ ఒప్పుకున్నాడు. గుట్ట కిందికి ఎవరూ రావద్దని చాటింపు వేయించాడు. మూడో సాయంత్రం, ఏడున్నరకు, బోను తలుపు దడాలున పడింది. జీపులోంచి దయానంద్ దిగేలోపే పసుపు కుప్ప చాటు నుంచి సత్తవ్వ ఉరికింది. ఆమె చేతిలో బరిసె ఉంది. చువ్వల సందులోంచి చిరుత భుజంలో పొడిచింది. అది పంజా విసిరింది. మోచేతి నుంచి మణికట్టు దాకా చీరుకుపోయినా సత్తవ్వ బరిసె వదల్లేదు. దయానంద్ వెనక నుంచి పట్టి లాగాడు.

"ఇడ్వు సార్! ఇంకొక్క పోటు!"

"సంపితే నిన్ను జైల్ల ఏస్తరు, సత్తవ్వా!"

"ఎయ్యని. గాడ తింట నేను కడుపునిండ."

చిరుతను హైదరాబాద్ జూపార్క్‌కు తీసుకుపోయారు. దాని గాయం మానింది. సత్తవ్వ కుడిచేతి వేళ్లు రెండు మళ్లీ ముడుచుకోలేదు. ఎడమచేత్తో పసుపు ఏరడం నేర్చుకుంది.

అప్పటి నుంచి ఏటా మాఘ పున్నమి వెళ్లాక బస్సెక్కి హైదరాబాద్ పోయేది. చువ్వల ముందు మూసేవేళ దాకా నిలబడేది. ఒకసారి తోడు వెళ్లిన గౌసియా అడిగింది: "గింత దూరం వచ్చి ఏం సూస్తున్నవ్ అక్కా?"

"గుట్ట లేకుంట, ఏట లేకుంట ఎట్ల ఏడుస్తదో సూస్తున్న."

2009లో వెళ్తే చువ్వల వెనక ఖాళీగా ఉంది. చలికాలంలో చిరుత ముసలిదై చనిపోయిందని కాపలాదారు చెప్పాడు.

"తిప్పల పడ్డదా?"

"లేదమ్మా, నిద్రలోనే పోయింది."

"నా మొగనికి గసొంటి సావు రాలే" అని సత్తవ్వ వెనుదిరిగింది.

మర్నాడు మార్కెట్‌లో గౌసియా మెల్లగా అడిగింది: "సచ్చింది గదా అక్కా, ఇగ మనసు నిమ్మలమైందా?"

"కాలే" అంది సత్తవ్వ.