మస్కట్ నుంచి మా గేటు దాకా

మా సైన్సు మాస్టారు పోయారని మొన్న పొద్దున్న డ్యూటీ బస్సెక్కుతుంటే మా ఊరు ముక్తేశ్వరం నుంచి ఫోనొచ్చింది. సెలవడిగితే, పోయింది కన్నతండ్రి అయితేనే ఇస్తామన్నారు కంపెనీవాళ్ళు. పాఠం చెప్పినాయన వీళ్ళ దృష్టిలో ఎవరూ కాదు. కడసారి ఒక్కసారి "మాస్టారూ" అని పిలవాలని ప్రాణం కొట్టుకుంది. ఆయన గురించి మీకు చెప్పాలి.

మా ఆవిడా నేనూ ఇక్కడ మస్కట్లో ఉంటే, తాళం వేసిన మా ఇంట్లో దీపాలు, కొబ్బరిమొక్కల మోటారు, గేటు కెమెరా అన్నీ ఫోన్లో చూసుకుంటున్నామంటే ఆయన చలవే. ఏ కంపెనీ చేతిలోనూ పెట్టకుండా, అరచేతిలో పట్టేంత కంప్యూటర్ని మా అటక మీద సర్వర్‌గా పెట్టారు. "మనింటి సంగతులు మనింట్లోనే ఉండాల్రా" అనేవారు. బయటినుంచి దాన్ని చేరడానికి వీడియోలో చూసిన సులువు దారేదో చెప్పబోతే కసిరారు. "వీధి తలుపు బార్లా తీసిపెట్టి దొంగ రాకూడదంటే ఎలాగరా?" నా ఫోనుకీ ఆ పెట్టెకీ మధ్య మాత్రమే నడిచే దారి వేయడానికి మూడు రోజులు కూర్చున్నారు. నేను పాస్‌వర్డు కొడుతుంటే వెనక్కి తిరిగి కొబ్బరిచెట్లు చూస్తూ నిలబడేవారు. ఆ మర్యాద ఆయన్ని చూసే నేర్చుకున్నాను.

పరీక్ష చేసిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. "ఇంట్లో కూర్చుని పనిచేస్తే పనిచేసినట్టు కాదు" అని నా ఫోను పట్టుకుని, గొడుగేసుకుని, గోదారి దాటించి కోటిపల్లి చేర్చే పంటు ఎక్కేశారు. గోదారి మధ్యనుంచి మోటారు వేసి, మా ఆవిడ ఫోనుకి కాల్ చేస్తే నేనెత్తాను.

"నీళ్ళొచ్చేయేంట్రా?"

"ఆయ్, నీళ్ళొచ్చేయండి మాస్టారూ!"

"అయితే ఇంక నువ్వెంత దూరమైనా వెళ్ళొచ్చు."

ఆ మాటకి అప్పుడు పొంగిపోయాను. ఇప్పుడు నా మీద నాకే కోపమొస్తోంది.

మాది ఊరి చివరిల్లు. అది దాటితే కాలవగట్టు, శ్మశానం. పాడె దారిలో దించి, పోయినవాళ్ళని చెవిలో మూడుసార్లు పిలిచే దింపుడు కళ్ళం మా గేటు ఎదురుగానే జరుగుతుంది. మొన్న మధ్యాహ్నం ఫోన్లో ఆ గేటు కెమెరా తెరిచి కూర్చున్నాను. ఎండలో తీసుకొచ్చారు, దించారు. వాళ్ళబ్బాయి వంగి "నాన్నా" అన్నాడు. ఇంకోసారి అన్నాడు. మూడోసారికి నేను ఆగలేకపోయాను. కెమెరాలోంచి మాట్లాడే బొత్తాం నొక్కి "మాస్టారూ" అని అరిచాను.

ఇంత దూరం నుంచి మాట చేరడానికి నాలుగైదు క్షణాలు పడుతుంది. ఆ కంగారులో అది మర్చిపోయాను. నా గొంతు గేటు దగ్గర వినపడేసరికి పాడె భుజాలకెత్తేశారు. వెనక నడుస్తున్న ఒకాయన మాత్రం ఆగి, తాళమేసిన మా ఇంటి కేసి ఎవరా అన్నట్టు చూసి, మిగతావాళ్ళని అందుకోవడానికి గబగబా నడిచాడు.